జే రాక్‌ఫెల్లర్: చమురు కోటీశ్వరుల వారసుడు బొగ్గు రాష్ట్రంలో పాగా ఎలా వేశాడు?

పాత_పేపర్

కెనడీల మీద ఇక్కడ ఇప్పటికే బోలెడు చర్చ జరిగింది. రాక్‌ఫెల్లర్ల మాట వస్తే అందరూ ఉపాధ్యక్షుడైన నెల్సన్ దగ్గరే ఆగిపోతారు. నాకు ఎప్పటినుంచో ఆ ఇంట్లో ఇంకొకాయన మీద ఆసక్తి: జే రాక్‌ఫెల్లర్. అసలు పేరు నాలుగో జాన్ డి. రాక్‌ఫెల్లర్. స్టాండర్డ్ ఆయిల్ పెట్టిన పెద్ద రాక్‌ఫెల్లర్‌కు మునిమనవడు, నెల్సన్‌కు అన్న కొడుకు.

1937లో న్యూయార్క్‌లో పుట్టాడు. హార్వర్డ్ చదువు మధ్యలో ఆపి టోక్యో వెళ్లి మూడేళ్లు ఉండి జపనీస్ నేర్చుకున్నాడు. తిరిగొచ్చి డిగ్రీ పూర్తి చేసి, విదేశాలకు వాలంటీర్లను పంపే పీస్ కోర్‌లో, తర్వాత విదేశాంగ శాఖలో చేరాడు. అదే దారిలో పోతే ఏ దేశానికో రాయబారి అయ్యేవాడు. 1964లో పేదరికం మీద ప్రభుత్వం యుద్ధం ప్రకటించిన రోజుల్లో వాలంటీరుగా వెస్ట్ వర్జీనియాలో ఎమ్మన్స్ అనే చిన్న బొగ్గు పల్లెకు వెళ్లాడు. వెళ్లినవాడు వెనక్కి రాలేదు. ఇంటిల్లిపాదీ రిపబ్లికన్లయితే ఈయన డెమోక్రాట్‌గా పేరు నమోదు చేయించుకుని 1966లో ఆ రాష్ట్ర శాసనసభకు, 1968లో రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ పదవికి గెలిచాడు. 1972లో గవర్నర్ పదవికి నిలబడి ఓడాడు. 1976, 1980ల్లో గవర్నర్‌గా, 1984 నుంచి వరసగా ఐదుసార్లు సెనేటర్‌గా గెలిచాడు. 2015 జనవరిలో తనంతట తానే దిగిపోయాడు. మొత్తం మీద ఓడింది ఆ 1972లో ఒక్కసారే.

దేశంలోని అతి పేద రాష్ట్రాల్లో ఒకదాన్ని అతి ధనిక కుటుంబంవాడు యాభై ఏళ్లు ఎలా పట్టుకుని ఉన్నాడు? డబ్బుతోనా? డబ్బు పని చేసింది, కాదనను. కానీ ఆ రాష్ట్రం ఆయన దగ్గర వసూలు చేసిన అసలు ధర డాలర్లలో లేదని నా అభిప్రాయం. మీరేమంటారు?

అడ్డ_ప్రశ్న

డబ్బుతోనే కొన్నాడు, ఇందులో చర్చేముంది పాత_పేపర్ గారూ? 1980లో గవర్నర్‌గా రెండోసారి నిలబడ్డప్పుడు కోటి ఇరవై లక్షల డాలర్ల దాకా ఖర్చు పెట్టాడు. వచ్చిన ఓట్లు సుమారు 4 లక్షలు. ఓటుకు 30 డాలర్లు, అదీ 1980 నాటి డాలర్లు. ఆ రాష్ట్రం కొన్ని మూలల్లో టీవీ సిగ్నల్ పిట్స్‌బర్గ్ నుంచి, వాషింగ్టన్ నుంచి వస్తుంది. అందుకని ఆ మహానగరాల చానెళ్లలోనే యాడ్లు వేయించాడు. అంటే ఆయనకు ఓటే లేని లక్షల మంది రోజూ ఆయన మొహం చూశారు. అవతలి పార్టీవాళ్లు కార్ల వెనక స్టిక్కర్లు అంటించారు: 'ఆర్చ్, ఆయన చేత ఉన్నదంతా ఖర్చు పెట్టించు' అని. ఆర్చ్ అంటే ఆ ఎన్నికలో ప్రత్యర్థి ఆర్చ్ మూర్.

మన దగ్గర ఓటుకు నోటు అని గోల చేస్తాం. అక్కడ ఆ నోటు ఓటరుకు కాకుండా టీవీవాడికి పోయింది, అంతే తేడా.

కాకినాడ_కాజా

హహ, ఆ స్టిక్కర్ ఐడియా ఎవడిదో గానీ సూపర్. ఓటరుకు ఏం మిగిలింది మరి? కనీసం కాజా అయినా ఇవ్వలేదా?

పాత_పేపర్

అడ్డ_ప్రశ్న గారూ, మీ లెక్కలు సరైనవే. కానీ డబ్బే గెలిపిస్తే 1972లో ఎందుకు ఓడాడు? అప్పుడూ అదే ఇంటిపేరు, అదే ఖజానా. 70 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడాడు.

ఆ ఏడాది ఏం జరిగిందో కాస్త వివరంగా చెప్పాలి. ఫిబ్రవరి 26 పొద్దున లోగన్ కౌంటీలో బఫెలో క్రీక్ అనే లోయ పైన బొగ్గు కంపెనీ కట్టిన బురద కట్ట తెగింది. బొగ్గు కడిగిన నల్లనీళ్లు, చెత్త అన్నీ కలిసి లోయలోని ఊళ్ల మీద పడ్డాయి. 125 మంది చనిపోయారు. కంపెనీ పేరు పిట్స్టన్, ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. అప్పుడు గవర్నర్ ఇదే ఆర్చ్ మూర్. ఇంత ఘోరం జరిగిన ఏడాదే ఎన్నిక. ఎదురుగా జే, అప్పటికి 35 ఏళ్లవాడు, ఆరున్నర అడుగుల మనిషి, సొరంగం లేకుండా పైమట్టి తీసేసి బొగ్గు తవ్వే ఓపెన్ కాస్ట్ పద్ధతిని రాష్ట్రంలో పూర్తిగా రద్దు చేయిస్తానని ఊరూరా చెప్పి నిలబడ్డాడు. నియంత్రణ కాదు, రద్దు.

కంపెనీలన్నీ ఒక్కటయ్యాయి. అది ఊహించిందే. కార్మికుల్లో కూడా చాలామంది భయపడ్డారు. 'న్యూయార్క్ నుంచి వచ్చిన కోటీశ్వరుడు మన పని పీకేస్తాడట' అన్న ప్రచారం పల్లెల్లోకి పాకింది. మూర్ గెలిచాడు. ఆ మూరే 1977 జనవరిలో, పదవి దిగడానికి మూడు రోజుల ముందు, బఫెలో క్రీక్ మీద రాష్ట్రం 10 కోట్ల డాలర్లకు వేసిన దావాను 10 లక్షలకు రాజీ చేసి పోయాడు.

జే ఓడాక బక్‌హానన్‌లోని వెస్లియన్ కాలేజీకి ప్రెసిడెంటుగా వెళ్లాడు. 1976లో మళ్లీ నిలబడ్డాడు, ఈసారి మూడింట రెండొంతుల ఓట్లతో గెలిచాడు. ఈ రెండు ఎన్నికలకూ మధ్య మారింది ఏమిటి? రద్దు అన్న మాట మాయమైంది. 1973 చమురు సంక్షోభం తర్వాత బొగ్గుకు గిరాకీ పెరిగింది. పాత ప్రతిజ్ఞ పక్కనపెట్టి 'బొగ్గే దేశానికి దిక్కు' అనే మనిషయ్యాడు. కార్టర్ హయాంలో బొగ్గు మీద వేసిన అధ్యక్ష సంఘానికి చైర్మన్ కూడా అయ్యాడు. నేను ధర అన్నది ఇదే.

సింగరేణి_బిడ్డ

అన్నా, ఈ ముచ్చట నేను చెప్పాలె. మాది గోదావరిఖని. మా నాయిన అండర్‌గ్రౌండ్ బాయిల పనిచేసిండు, అన్న ఓపెన్ కాస్ట్‌ల చేస్తుండు.

ఓపెన్ కాస్ట్ అంటే పేపర్ల సదివినోళ్లకు ఒక తీరు, పక్కన ఉన్నోళ్లకు ఇంకో తీరు. పగటిపూట బ్లాస్టింగ్ అయితే ఇంట్ల గిన్నెలు కదులుతయి, గోడలకు పగుళ్లు పడతయి. తీసిన మట్టి గుట్టలు గుట్టలు పోస్తరు, ఓబీ గుట్టలు అంటం మేము. బొగ్గు మస్తుగ వస్తది గానీ మనుషులు తక్కువ అవసరం, మిషన్లే చేస్తయి. అట్లని దాన్ని బంద్ పెట్టుమని కార్మికుని ఇంటికి పోయి అడుగుతే ఎవడూ సరే అనడు. నెల జీతం దాని మీదనే ఉన్నది కదా. 1972ల ఆయన ఓడిపోయిండంటే నాకు ఆశ్చర్యం లేదు.

ఒక డౌట్. అక్కడ యూనియన్ ఎటు దిక్కు ఉండె?

పాత_పేపర్

మంచి ప్రశ్న. గనుల కార్మికుల యూనియన్‌తో ఆ ఇంటిపేరుకు ఉన్న పాత లెక్క చాలా చేదైనది. 1914 ఏప్రిల్ 20న కొలరాడోలో లడ్లో అనే చోట సమ్మెలో ఉన్న గని కార్మికుల గుడారాల మీద కాల్పులు జరిపి నిప్పు పెట్టారు. ఒక గుడారం కింద తవ్వుకున్న గోతిలో దాక్కున్న ఇద్దరు ఆడవాళ్లు, 11 మంది పిల్లలు ఊపిరాడక చనిపోయారు. ఆ గనుల కంపెనీలో పెద్ద వాటా రాక్‌ఫెల్లర్లది. అప్పుడు కుటుంబం తరఫున వ్యవహారం చూస్తున్నది జేకు స్వయానా తాత. సమ్మె చేయించింది యునైటెడ్ మైన్ వర్కర్స్. యాభై ఏళ్ల తర్వాత అదే యూనియన్ సభ్యుల ఇళ్ల ముందు ఆయన మనవడు ఓటు అడుగుతూ నిలబడ్డాడు. 1970ల చివరికి ఆ యూనియన్‌కు నమ్మకస్తుడయ్యాడు. అది అంత తేలికగా వచ్చిందని నేను అనుకోను.

అడ్డ_ప్రశ్న

నమ్మకస్తుడు కాక ఏమవుతాడు? వాళ్ల మాటకు తల ఊపితే సరి. ఒక ప్రతిజ్ఞ చేశాడు, ఓడాడు, ప్రతిజ్ఞ వదిలేశాడు, గెలిచాడు. దీన్ని మన ఊళ్లో ప్లేటు ఫిరాయించడం అంటారు. కోటీశ్వరుడు కాబట్టి 'ధర చెల్లించాడు' అని గౌరవంగా చెబుతున్నారు మీరు.

ఇంకోటి. ఉద్యోగం పోతే అన్నం ఉండదనే భయం లేని మనిషికి నమ్మిన దాని మీద నిలబడే స్తోమత అందరికంటే ఎక్కువ ఉండాలి కదా? ఇంకో పదిసార్లు ఓడినా ఆయన ఇంట్లో పొయ్యి ఆరదు.

కొండల్లో_డాక్టర్

చదువుతూ ఊరుకుందామనుకున్నాను గానీ ఉండబట్టలేదు. నేను కొన్నేళ్లు వెస్ట్ వర్జీనియాలో బెక్లీ దగ్గర పనిచేశాను. ఆ బొగ్గు ఊళ్లలో మన దేశపు డాక్టర్లు చాలామందే ఉంటారు, మన తెలుగువాళ్లూ కనిపిస్తారు. అక్కడివాళ్లు రావడానికి ఇష్టపడని చోటికి వీసా కోసం మనం వెళ్తాం, నిజం చెప్పుకోవాలి.

నా దగ్గరికి వచ్చే ముసలి కార్మికుల్లో చాలామందికి బొగ్గు ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. పక్కన చక్రాల ఆక్సిజన్ సిలిండరు. ఎక్స్‌రే చూస్తే మచ్చలు మచ్చలుగా తెల్లగా ఉంటుంది. కౌంటర్ దగ్గర అడక్కముందే చొక్కా జేబులోంచి యూనియన్ హెల్త్ కార్డు తీసి పెడతారు. ఆ కార్డు ఇప్పటికీ చెల్లుతోందంటే 1992లో వచ్చిన కోల్ యాక్ట్ వల్ల. అది తెచ్చింది జే.

పాత_పేపర్ గారు గుర్తుపెట్టుకోమన్న పిట్స్టన్ కంపెనీ ఇక్కడ మళ్లీ వస్తుంది. రిటైరైన కార్మికులకు, వితంతువులకు వైద్య ఖర్చులు ఇవ్వడం ఆపేసింది. 1989 ఏప్రిల్‌లో సమ్మె మొదలై మరుసటి ఏడాది దాకా సాగింది. ఒక్క పిట్స్టన్ గొడవే కాదు, చాలా కంపెనీలు చేతులెత్తేసే పరిస్థితి. 1992లో పెద్ద ఇంధన బిల్లు సెనేట్‌కు వచ్చింది. నా రిటైర్డ్ కార్మికుల సంగతి ఇందులో పెట్టకపోతే బిల్లు కదలనివ్వను అని జే అడ్డం కూర్చున్నాడు. పెట్టించుకున్నాడు. రిపబ్లికన్ అధ్యక్షుడు పెద్ద బుష్ చేత సంతకమూ అయింది. లక్ష మందికి పైగా ముసలివాళ్ల వైద్యం నిలబడింది. ఒకప్పుడు వాళ్లకు పని ఇచ్చిన కంపెనీలే డబ్బు కట్టాలని చట్టం.

ప్లేటు ఫిరాయించాడో లేదో నాకు తెలియదు. నా పేషెంట్లు ఆయన్ని 'జే' అనే పిలిచేవాళ్లు, పక్కింటి మనిషిని పిలిచినట్టు.

సింగరేణి_బిడ్డ

డాక్టర్ సాబ్, ఆ సిలిండర్ ముచ్చట చదివితే మా నాయిన దోస్తులు యాదికొచ్చిండ్రు. అడ్డ_ప్రశ్న అన్నా, ఇప్పుడు చెప్పు.

అడ్డ_ప్రశ్న

చెప్తా తమ్ముడూ. కోల్ యాక్ట్ మంచి చట్టం, ఒప్పుకుంటా. కానీ కార్మికుడి ఊపిరితిత్తులు పోయాక వైద్యం ఇప్పించడం ఒకటి, కొండలు తవ్వడం ఆపడం ఇంకొకటి. మొదటిది చేస్తే కంపెనీకి ఖర్చు, రెండోది చేస్తే కంపెనీకి చావు. ఆయన మొదటిది ఎంచుకున్నాడు. తవ్విన కొండను సరిచేసి పోవాలని 1977లో కార్టర్ ఫెడరల్ చట్టం తెచ్చాడు. ఆ తర్వాత కొండల శిఖరాలే పేల్చేసి లోయల్లో పోశారు. దాన్ని ఆపడానికి ఆయన పోరాడిన దాఖలా నాకు కనిపించలేదు.

ఎన్నారై_మామ

డాక్టర్ గారు చెప్పిన దానికి ఇంకొకటి కలుపుతాను. 1997లో వచ్చిన పిల్లల ఆరోగ్య బీమా పథకం చిప్ వెనక ఉన్నవాళ్లలో ఆయన ఒకడు. సెనేటర్లు కెనడీ, హ్యాచ్ పేర్లే ఎక్కువ వినిపిస్తాయి. అంతకు ముందే పిల్లల మీద వేసిన జాతీయ సంఘానికి ఆయన చైర్మన్. 1991లో ఇచ్చిన నివేదికలో పిల్లవాడికి వెయ్యి డాలర్ల పన్ను రాయితీ ఇవ్వమన్నారు. ఇప్పుడు మనమంతా ఏటా టాక్స్ ఫారంలో నింపుకునే చైల్డ్ టాక్స్ క్రెడిట్‌కు మూలం అదే. 2009లో చిప్‌ను పొడిగించినప్పుడు, చట్టబద్ధంగా ఉంటున్న వలస కుటుంబాల పిల్లలను ఐదేళ్లు ఆగకుండానే చేర్చుకునే వీలు రాష్ట్రాలకు ఇచ్చారు. అది మనవాళ్లలో చాలామందికి పనికొచ్చింది.

బడులకు, లైబ్రరీలకు చవగ్గా ఇంటర్నెట్ ఇచ్చే ఈ-రేట్ కూడా ఈయన, సెనేటర్ ఒలింపియా స్నో కలిసి 1996 టెలికం చట్టంలో పెట్టించిందే.

కాకినాడ_కాజా

మామా, జపనీస్ నేర్చుకున్నాడు అన్నారు కదా, అది ఎక్కడైనా పనికొచ్చిందా లేక సుషీ ఆర్డర్ చేయడానికేనా?

పాత_పేపర్

పనికొచ్చింది. టయోటా ఇంజన్ల ఫ్యాక్టరీని వెస్ట్ వర్జీనియాకు తేవడానికి ఏళ్ల తరబడి ఆ కంపెనీ పెద్దల చుట్టూ తిరిగాడు, వాళ్ల భాషలోనే మాట్లాడేవాడు. 1996లో ప్రకటన వచ్చింది. ఊరి పేరు బఫెలో. ఇది పుట్నమ్ కౌంటీలో ఉంది, పైన చెప్పిన బఫెలో క్రీక్ వేరు, కలిపేసుకోకండి.

ఇంకో చిన్న ముచ్చట. ఆయన భార్య షారన్ తండ్రి చార్ల్స్ పర్సీ, ఇల్లినాయ్ రిపబ్లికన్ సెనేటర్. 1984 నవంబరులో అల్లుడు సెనేట్‌కు గెలిచిన రోజే మామగారు ఓడిపోయాడు. ఆ ఎన్నికలో అల్లుడికీ చెమటలు పట్టాయి. మళ్లీ కోటి ఇరవై లక్షలు పెట్టినా మెజారిటీ 30 వేలు కూడా దాటలేదు. గవర్నర్‌గా ఆయన రెండో విడతలో బొగ్గు ధర పడిపోయి, నిరుద్యోగం దేశంలోనే అన్ని రాష్ట్రాలకంటే ఎక్కువైంది. జనం ఆ కోపం చూపించారు. అడ్డ_ప్రశ్న గారూ, డబ్బు లేకపోతే ఆ ఏడాది ఓడేవాడే. అక్కడ మీదే గెలుపు.

నెల్సన్_వీరాభిమాని

ఏమైనా నెల్సన్ ముందు జే ఎంత? నాలుగుసార్లు న్యూయార్క్ గవర్నర్, ఉపాధ్యక్షుడు! స్టేట్ యూనివర్సిటీని ఆ స్థాయికి తెచ్చింది ఆయనే.

ఎన్నారై_మామ

1971లో ఆటికా జైల్లో ఖైదీలు తిరగబడితే అక్కడికి రమ్మని ఎంత అడిగినా వెళ్లకుండా పోలీసుల్ని పంపించి అంతమందిని చంపించింది కూడా ఆయనే. 1973లో కాస్త మత్తుమందు దొరికితే కనీసం పదిహేనేళ్లు జైల్లో వేసే చట్టం తెచ్చిందీ ఆయనే. నెల్సన్‌కు వేరే థ్రెడ్ పెట్టండి, అక్కడ తేల్చుకుందాం.

జేతో పోల్చాలంటే ఇంకో బాబాయి ఉన్నాడు, విన్‌త్రాప్. ఆయనా ఇలాగే పేద రాష్ట్రానికి, ఆర్కన్సాకు, వెళ్లి 1966లో గవర్నర్‌గా గెలిచాడు. కానీ నాలుగేళ్లకే జనం పంపించేశారు. అంటే ఇంటిపేరు, డబ్బు ఉంటే సరిపోదనేగా.

మోడరేటర్

నెల్సన్ వాదన ఇక్కడితో ఆపండి. జే మీదే ఉండండి.

అడ్డ_ప్రశ్న

ఇరాక్ గురించి ఎవరూ మాట్లాడరేం? 2002 అక్టోబరులో యుద్ధానికి ఓటేశాడు. అప్పటికే గూఢచారి సంస్థల మీద కన్నేసి ఉంచే సెనేట్ ఇంటెలిజెన్స్ కమిటీలో సభ్యుడు. మామూలు సెనేటర్లకు తెలియని కాగితాలు చూసే మనిషి. యుద్ధానికి ముందటి నిఘా సమాచారం మీద 2004లో కమిటీ నివేదిక వచ్చాక, ఇప్పుడు తెలిసినవి అప్పుడు తెలిసుంటే అనుమతి ఇచ్చేవాళ్లం కాదు అన్నాడు.

పాత_పేపర్

ఆ ఓటును నేను సమర్థించను. కానీ అదే కమిటీలో ఇంకో ఘట్టం ఉంది. 2003 జులైలో, కోర్టు వారంటు లేకుండా ఫోన్లు వినే రహస్య కార్యక్రమం గురించి ఉపాధ్యక్షుడు చెనీ దగ్గర కొద్దిమందికే వివరించారు. సిబ్బందికి చెప్పకూడదు, లాయర్‌ని అడగకూడదు. జే ఆఫీసుకు వచ్చి టైపిస్టుకు కూడా ఇవ్వకుండా తన చేత్తోనే చెనీకి ఉత్తరం రాశాడు, తేదీ జులై 17. నేను సాంకేతిక నిపుణుణ్ణి కాదు, లాయర్‌నీ కాదు, ఎవరినీ సంప్రదించే వీలు లేనప్పుడు దీన్ని ఎలా ఒప్పుకోను అన్నది సారాంశం. నకలు ఒకటి కవర్లో పెట్టి సీలు వేసి కమిటీ భద్రపరిచే గదిలో దాచాడు. 2005లో సంగతి బయటపడ్డాక ఆ నకలు విడుదల చేశాడు.

అడ్డ_ప్రశ్న

ఉత్తరం రాసి బీరువాలో పెట్టుకున్నాడు, బాగుంది. 2008లో ఆ ఫోన్ కంపెనీల మీద కేసులు లేకుండా రక్షణ ఇచ్చే బిల్లు నడిపించింది ఎవరు? కమిటీ చైర్మన్‌గా ఆయనే.

పాత_పేపర్

నిజమే. అది ఆయన రికార్డులో పెద్ద మచ్చ.

కొండల్లో_డాక్టర్

మీరిద్దరూ 2012 గురించి మాట్లాడాలి. విద్యుత్ కేంద్రాల నుంచి వచ్చే పాదరసం మీద పర్యావరణ సంస్థ పెట్టిన నిబంధనను కొట్టేయాలని సెనేట్‌లో తీర్మానం వచ్చింది. జూన్ 20న జే లేచి దానికి వ్యతిరేకంగా మాట్లాడాడు. బొగ్గు కంపెనీలు జనాన్ని భయపెట్టి బతుకుతున్నాయని, వాతావరణ మార్పును, చవక గ్యాస్‌ను చూడకుండా కళ్లు మూసుకున్నాయని ముఖం మీదే అన్నాడు. అప్పటి ఊళ్ల పరిస్థితి నాకు తెలుసు. పెరటి గేట్లకు 'బొగ్గు మిత్రులం' బోర్డులు. అంతకు నెల ముందే డెమోక్రాట్ ప్రైమరీలో ఒబామా మీద టెక్సాస్ జైల్లో ఉన్న ఖైదీకి 41 శాతం ఓట్లు పడ్డాయి!

అడ్డ_ప్రశ్న

ఓటు అడగాల్సిన పని లేనప్పుడు ధైర్యం వస్తుంది డాక్టర్ గారూ. 2013 జనవరిలో రిటైర్మెంట్ ప్రకటించాడు కదా. 1972 నుంచి 2012 దాకా నలభై ఏళ్లు ఏమయ్యాడు?

కొండల్లో_డాక్టర్

ప్రకటన ఆ ప్రసంగం తర్వాత ఆరు నెలలకు వచ్చింది. ముందే నిర్ణయించుకున్నాడా, ప్రసంగం తర్వాత ఇక గెలవలేనని అర్థమైందా అన్నది ఆయనకే తెలియాలి. నలభై ఏళ్ల ప్రశ్న మాత్రం సరైనదే.

సింగరేణి_బిడ్డ

తర్వాత ఆ సీట్ ఎవరికి వచ్చింది?

పాత_పేపర్

2014లో షెల్లీ మూర్ కాపిటోకు. ఇంటిపేరు చూడండి: 1972లో జేను ఓడించిన ఆర్చ్ మూర్ కూతురు. ఆ తండ్రి మధ్యలో మూడోసారి గవర్నరై, 1990లో అవినీతి కేసుల్లో నేరం ఒప్పుకుని జైలుకు పోయి వచ్చాడు. ఇప్పుడు ఆ రాష్ట్రపు రెండో సెనేట్ సీటులో ఉన్నది జిమ్ జస్టిస్, తండ్రి నుంచి బొగ్గు కంపెనీ వారసత్వంగా పొందిన కోటీశ్వరుడు. 2016లో డెమోక్రాట్‌గా గవర్నరై, ఏడాది తిరక్కుండానే ట్రంప్ సభలో రిపబ్లికన్ అయ్యాడు. జే ఎటునుంచి ఎటు వచ్చాడో ఈయన దానికి సరిగ్గా ఎదురు దారి.

అడ్డ_ప్రశ్న

అంటే ఆ రాష్ట్రంలో వారసులకు కొదవ లేదు. ఒకరు కాకపోతే ఇంకొకరు.

కొండల్లో_డాక్టర్

2019 డిసెంబరులో గని కార్మికుల పెన్షన్ ఫండు మునిగిపోబోతుంటే దాన్ని నిలబెట్టే చట్టం వచ్చింది. ముందుండి నడిపింది అప్పటి అక్కడి డెమోక్రాట్ సెనేటర్ జో మాంచిన్, రిపబ్లికన్ల వైపు నుంచి నిలబడ్డవాళ్లలో ఆర్చ్ మూర్ కూతురు కూడా ఉంది. ఆ సీట్లో కూర్చున్నవాళ్లు ఏ పార్టీ అయినా, ఎవరి బిడ్డ అయినా ముసలి కార్మికుల జోలికి వచ్చేసరికి తప్పించుకోలేరు. కొండల సంగతి అలా కాదు. దాని కోసం ఓటేసేవాళ్లు ఆ ఊళ్లలో నాకు ఎక్కువగా కనపడలేదు, సింగరేణి_బిడ్డ చెప్పిన కారణమే.

సింగరేణి_బిడ్డ

గంతే డాక్టర్ సాబ్. మా దగ్గర కూడా కొత్త ఓపెన్ కాస్ట్‌కు ప్రజాభిప్రాయ సేకరణ పెడితే, భూమి పోయేటోళ్లు వద్దంటరు, నౌకరి ఉన్నోళ్లు చప్పుడు చెయ్యరు.